సర్వర్ గడియారం తప్పితే: ఎక్కడ చూడాలి, ఏ వరుసలో చూడాలి

కిన్వట్‌ను ఆనుకుని ఉన్న మన గోకుందలో అయినా, జిల్లా కేంద్రం నాందేడ్‌లో అయినా ఇవాళ కంప్యూటర్ లేకుండా నడిచే ఆఫీసు లేదు. పతసంస్థలో పాస్‌బుక్ మీద పడే తేదీ, ఆసుపత్రిలో కేసు పేపరు మీది టైము, కాలేజీలో వేలిముద్ర హాజరు అన్నీ ఎక్కడో ఒక సర్వర్ చెప్పిన సమయాన్నే రాసుకుంటాయి. మన తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది ఇప్పుడు ఆ సర్వర్లను చూసుకునే పనిలోనే ఉన్నారు. కొందరు హైదరాబాద్‌లో, కొందరు పుణెలో, కొందరు ఇక్కడే ఉన్నారు. వాళ్ల కోసం, వాళ్ల మీద ఆధారపడిన చిన్న సంస్థల కోసం ఈ వ్యాసం రాస్తున్నాం. సర్వర్ల పని తెలియని పెద్దలు మొదటి భాగం, చివరి భాగం చదివితే చాలు. మధ్యలోది పని చేసే చేతులకు.

గడియారం తప్పిందని సర్వర్ తనంతట తాను చెప్పదు. ఇంకేదో జబ్బులా కనిపిస్తుంది. నిన్నటి దాకా బాగా పనిచేసిన పాస్‌వర్డ్‌తో లాగిన్ కాదు. మొబైల్ యాప్ చూపించే ఆరంకెల కోడ్ తప్పంటుంది. గడువు ఇంకా ఉన్న సర్టిఫికెట్‌ను బ్రౌజర్ ఒప్పుకోదు. రాత్రి బ్యాకప్ రెండుసార్లు నడుస్తుంది, లేదా అసలు నడవదు. మనవాళ్లు పాస్‌వర్డ్ మారుస్తారు, నెట్‌వర్క్ కేబుల్ మారుస్తారు, సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేస్తారు. గోడ గడియారం వైపు ఒకసారి, స్క్రీన్ వైపు ఒకసారి చూసే పని మాత్రం చివరికి మిగులుతుంది. దాన్ని ముందు చేయాలన్నదే మా సలహా.

దీని వెనుక కారణం మాయ కాదు. విండోస్ డొమైన్లలో లాగిన్‌ను చూసుకునే కెర్బెరోస్ పద్ధతి, మామూలు సెటింగ్‌లో, రెండు మెషీన్ల మధ్య 5 నిమిషాల తేడా వరకే ఓర్చుకుంటుంది. మొబైల్ యాప్ కోడ్ ప్రతి 30 సెకన్లకు మారుతుంది. అది సమయాన్ని బట్టి లెక్కగట్టే కోడ్, కాబట్టి సర్వర్ ఒకటి రెండు నిమిషాలు జరిగితే ఎవరి కోడూ కలవదు. సర్టిఫికెట్‌కు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ రెండూ ఉంటాయి. సర్వర్ గతంలోకి వెళ్లిపోతే నిన్న తీసుకున్న కొత్త సర్టిఫికెట్ దానికి ఇంకా పుట్టనే లేదు.

ఇవి ఆఫీసు ఇబ్బందులు. మనిషికి తగిలేవి వేరే ఉన్నాయి. హాజరు మెషీన్ నాలుగు నిమిషాలు ముందుంటే వేళకు వచ్చిన కూలివాడికీ సగం రోజు జీతం కోత పడుతుంది, అతను ఏ ఆధారం చూపగలడు? మార్చి 31 రాత్రి 11 గంటల 58 నిమిషాలకు కట్టిన వాయిదా ఏప్రిల్ 1న పడితే లెక్క మరో ఆర్థిక సంవత్సరంలోకి పోతుంది. ఖాతాలోంచి ఎవరో డబ్బు లాగేశారని ఫిర్యాదు వస్తే, బ్యాంకు లాగ్‌లో ఒక టైము, మొబైల్ కంపెనీ రికార్డులో ఇంకో టైము ఉంటే, రెండూ ఒకే సంఘటన అని నిరూపించడానికే పోలీసులకు రోజులు పడతాయి.

ముందు తేడా ఎంతో కొలవండి

చాలామంది టైము తప్పిందనగానే దాన్ని చేత్తో సరిచేసేస్తారు. అలా చేస్తే కారణం చెప్పే ఆధారం పోతుంది. ఎంత తేడా ఉందో ముందు కాగితం మీద రాసుకోండి. ఆ అంకె చూస్తేనే సగం సంగతి తెలిసిపోతుంది.

తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు ఉంటే అది గడియారం తప్పు కాదు, టైమ్ జోన్ తప్పు. సర్వర్ ప్రపంచ సమయాన్ని, అంటే యూటీసీని చూపిస్తోంది, లేదా యూటీసీని భారత సమయం అనుకుని మళ్లీ ఐదున్నర కలుపుతోంది. ఒకే మెషీన్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నప్పుడు ఇది తరచు వస్తుంది. మెషీన్ లోపలి గడియారంలో విండోస్ స్థానిక సమయాన్ని రాసిపెడుతుంది, లినక్స్ అక్కడ యూటీసీ ఉందనుకుని చదువుతుంది. దీనికి టైమ్ సర్వర్‌ను ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆదేశం స్థానిక సమయాన్ని, యూటీసీని, లోపలి గడియారాన్ని, జోన్‌ను ఒకే చోట చూపిస్తుంది. మొదట అది నడపండి. (ఆదేశాలను ఈ వ్యాసంలో తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం. కొట్టేటప్పుడు ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి.)

తేడా నెలలు, ఏళ్లలో ఉంటే మదర్‌బోర్డు మీద నాణెం లాంటి బ్యాటరీని అనుమానించండి. చాలా బోర్డుల్లో ఉండేది సీఆర్2032. కరెంటు పూర్తిగా పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసిన తర్వాత సర్వర్ లేచి, ఫ్యాక్టరీలో పెట్టిన తేదీని చూపిస్తే ఆ బ్యాటరీ అయిపోయినట్టే. తరచు కరెంటు పోయే ఊళ్లలో ఇది ముందుగా బయటపడుతుంది. ఖర్చు కొన్ని పదుల రూపాయలు. మేము చూసినంతలో, పాత సర్వర్ ఉన్నచోట బీరువాలో ఒక బ్యాటరీ ఉంచుకోని ఆఫీసులే ఎక్కువ.

సెకన్లతో మొదలై రోజురోజుకూ పెరుగుతుంటే సర్వర్ ఎవరినీ అడగకుండా తన సొంత స్ఫటికం మీద నడుస్తోంది. మామూలు క్వార్ట్జ్ స్ఫటికం పదిలక్షకు 20 పాళ్లు తప్పిందనుకుంటే రోజుకు సుమారు 1.7 సెకన్లు, నెలకు 52 సెకన్లు. అంటే ఆరు నెలల్లోపే కెర్బెరోస్ ఓర్చుకునే 5 నిమిషాలు దాటుతుంది. స్ఫటికం వేగం వేడిని బట్టి మారుతుంది. మన మే నెల ఎండలో, ఏసీ లేని గదిలో ఉన్న సర్వర్ తప్పే తీరు చలికాలంలో తప్పే తీరులా ఉండదు.

టైము కాసేపు సరిగ్గా, కాసేపు తప్పుగా ముందుకూ వెనక్కూ ఊగుతుంటే దాన్ని ఇద్దరు లాగుతున్నారని అర్థం. దాని సంగతి కింద చెబుతాం.

ఎవరిని అడిగి నడుస్తోంది?

సర్వర్లు ఒకదాన్నొకటి టైము అడిగే పద్ధతిని ఎన్‌టీపీ అంటారు. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మిల్స్ దాన్ని రూపొందించారు. మొదటి ప్రకటిత రూపం 1985లో వచ్చింది. ఆయన 2024 జనవరిలో కన్నుమూశారు. పద్ధతి సులువే. అడిగేవాడు పంపిన టైము, అక్కడ చేరిన టైము, అక్కడ బయల్దేరిన టైము, ఇక్కడికి తిరిగొచ్చిన టైము, ఈ నాలుగూ పట్టుకుని దారిలో పోయిన ఆలస్యాన్ని లెక్కగట్టి తీసేస్తారు. అణు గడియారానిది సున్నా మెట్టు, దానికి నేరుగా తగిలించిన సర్వర్‌ది ఒకటో మెట్టు, దాన్ని అడిగేవాడిది రెండో మెట్టు. ఇలా పదిహేను వరకు పోవచ్చు. 16 అని కనిపిస్తే ఆ సర్వర్ ఎవరితోనూ కలిసి లేదన్నమాట.

ఇప్పటి లినక్స్ సర్వర్లలో ఎక్కువగా ఉండేది క్రోనీ. క్రోనీసీ సోర్సెస్ అని అడిగితే ఒక పట్టిక వస్తుంది. ప్రతి వరుస ముందు ఉండే గుర్తే అసలు కబురు. నక్షత్రం గుర్తున్నదాన్ని అనుసరిస్తోంది. కూడిక గుర్తున్నదాన్ని కలుపుకుంటోంది. ప్రశ్న గుర్తుంటే అందడం లేదు. ఎక్స్ అక్షరం ఉంటే అది మిగతావాళ్లతో కలవని అబద్ధపు గడియారమని తేల్చింది. పక్కనే రీచ్ అనే అంకె ఉంటుంది. 377 ఉంటే వరసగా ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చిందని అర్థం. అది అష్టాంశ లెక్క కాబట్టి 377 అంతకు మించదు. సున్నా ఉంటే ఒక్క జవాబూ రాలేదు. మధ్యలో అంకెలు మారుతుంటే లైను తెగుతూ అతుకుతూ ఉంది. తర్వాత క్రోనీసీ ట్రాకింగ్ అడిగితే ప్రస్తుతం ఎంత తేడా ఉందో, స్ఫటికం ఎంత తప్పుతోందో చెబుతుంది.

విండోస్‌లో డబ్ల్యూ32టీఎం ఆదేశానికి క్వెరీ, సోర్స్ అని చేర్చి అడగండి. లోకల్ సీమాస్ క్లాక్ అని గానీ, ఫ్రీ రన్నింగ్ సిస్టమ్ క్లాక్ అని గానీ జవాబొస్తే ఆ సర్వర్ అనాథ, ఎవరినీ అడగడం లేదు. విండోస్ డొమైన్‌లో ఒక వంశవృక్షం ఉంటుంది. మెషీన్లన్నీ డొమైన్ కంట్రోలర్‌ను అడుగుతాయి, కంట్రోలర్లన్నీ పీడీసీ ఎమ్యులేటర్ పాత్ర ఉన్న ఒక్క కంట్రోలర్‌ను అడుగుతాయి, బయటి ప్రపంచాన్ని అడగాల్సింది ఆ ఒక్కటే. ఎక్కువ ఆఫీసుల్లో తప్పు ఇక్కడే జరుగుతుంది. ఆ పెద్ద కంట్రోలర్‌కు బయటి సర్వర్ పేరు చెప్పడం మరిచిపోతారు, కింది మెషీన్లలో మాత్రం ఎవరికి తోచిన పేరు వాళ్లు రాసి ఉంచుతారు. ఇంటి పెద్దకు చెప్పాల్సింది పిల్లలకు చెప్పినట్టు. పాత పీడీసీ సర్వర్‌ను తీసేసి కొత్తది పెట్టినప్పుడు ఈ సెటింగ్ దానంతట అది కొత్తదానికి రాదు. అప్పటికి అన్నీ బాగానే ఉంటాయి, కొన్ని నెలల తర్వాత లాగిన్లు ఆగుతాయి.

దారి మూసుకుపోతే

రీచ్ సున్నా ఉంటే ముందు ఫైర్‌వాల్. ఎన్‌టీపీ యూడీపీ 123 పోర్టు మీద నడుస్తుంది. టీసీపీ 123 తెరిచి యూడీపీ మరిచిపోవడం మామూలు పొరపాటు. పింగ్ వెళుతోంది కాబట్టి దారి బాగుందనుకోకండి, పింగ్ వేరే పద్ధతి. పేరుతో అడిగితే అందక, ఐపీ అంకెతో అడిగితే అందితే డీఎన్‌ఎస్ వైపు చూడాలి. విండోస్‌లో డబ్ల్యూ32టీఎంకు స్ట్రిప్‌చార్ట్ చేర్చి బయటి సర్వర్ పేరిస్తే, దేన్నీ మార్చకుండానే తేడాను గీతల్లా చూపిస్తుంది. అది ఎర్రర్ చూపిస్తే దారే లేదు, అంకెలు చూపిస్తే దారి ఉంది గానీ టైమ్ సర్వీస్ సెటింగ్ తప్పు.

పల్లెల వైపు ఉన్న శాఖలకు ఇంకో చిక్కుంది. వెళ్లే ఆలస్యం, వచ్చే ఆలస్యం సమానమని ఎన్‌టీపీ నమ్ముతుంది. మొబైల్ డేటా మీద, శాటిలైట్ లైను మీద అది నిజం కాకపోవచ్చు. వెళ్లడానికి 300 మిల్లీసెకన్లు, రావడానికి 100 పడితే లెక్కలో 100 మిల్లీసెకన్ల తప్పు దొర్లుతుంది, అంటే తేడాలో సగం. పతసంస్థ పనికి ఇది లెక్కలోది కాదు. దీని కోసం రాత్రంతా కూర్చోనక్కర్లేదని పిల్లలకు చెప్పండి.

ఒక ఒరలో రెండు కత్తులు

ఊగే గడియారం సంగతి ఇది. ఇప్పుడు చాలా సర్వర్లు వర్చువల్ మెషీన్లు. పెద్ద సర్వర్ కడుపులో నాలుగైదు చిన్న సర్వర్లు నడుస్తాయి. పెద్ద సర్వర్ తన టైమును లోపలివాటి మీద రుద్దుతుంది, లోపలిది ఎన్‌టీపీ ద్వారా వేరే టైము తెచ్చుకుంటుంది. ఇద్దరూ సరిగ్గా ఉన్నంత కాలం ఎవరికీ తెలియదు. పెద్దది రెండు నిమిషాలు తప్పితే గొడవ మొదలవుతుంది. విండోస్‌లో సోర్స్ అడిగినప్పుడు వీఎం ఐసీ టైమ్ సింక్రనైజేషన్ ప్రొవైడర్ అని వస్తే హైపర్-వీ లాగుతోందని తెలుసుకోవాలి. పీడీసీ పాత్ర ఉన్న మెషీన్‌కైనా దాన్ని ఆపేయాలి. వీఎంవేర్‌లో నిరంతర సింక్ ఆపినా, స్నాప్‌షాట్ నుంచి లేచినప్పుడు, ఒక హోస్ట్ నుంచి ఇంకో హోస్ట్‌కు మారినప్పుడు టైము దిద్దే అలవాటు వేరుగా ఉంటుంది. కాబట్టి హోస్ట్ గడియారం కూడా సరిగ్గా ఉండి తీరాలి. హోస్ట్‌ను ఎన్‌టీపీకి కలపని చోటు మాకు ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది.

లినక్స్‌లో ఇదే గొడవ ఇంకో రూపంలో వస్తుంది. క్రోనీ, పాత ఎన్‌టీపీడీ, సిస్టమ్‌డీ వాళ్ల టైమ్‌సింక్‌డీ, ఈ మూడింట్లో ఒక్కటే నడవాలి. రెండు నడిస్తే ఒకదాన్ని తీసేయండి.

సరిదిద్దడంలో తొందర వద్దు

కారణం దొరికాక టైమును సరిచేయడానికి రెండు దారులున్నాయి: ఒక్కసారిగా దూకించడం, లేదా గడియారాన్ని కొంచెం వేగంగానో నెమ్మదిగానో నడిపి మెల్లగా కలపడం. పాత ఎన్‌టీపీడీ మెల్లగా కలిపేటప్పుడు పదిలక్షకు 500 పాళ్లకు మించి నడపదు. ఆ లెక్కన ఒక్క సెకను కలవడానికి 33 నిమిషాలు. పది నిమిషాల తేడాను అలా కలపాలంటే దాదాపు రెండు వారాలు. అందుకే పెద్ద తేడాకు దూకుడే దారి. ఎన్‌టీపీడీకి 1000 సెకన్ల పైన తేడా కనిపిస్తే భయపడి తానే ఆగిపోతుంది. సర్వీస్ ఎందుకు ఆగిందో తెలియక మళ్లీ మళ్లీ స్టార్ట్ చేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. క్రోనీలో మేక్‌స్టెప్ 1.0 3 అనే వరుస సాధారణంగా ఉంటుంది. సర్వీస్ మొదలైన తొలి మూడు కొలతల్లో ఒక సెకను దాటిన తేడా కనిపిస్తే దూకమని, తర్వాత దూకవద్దని దాని అర్థం. అందుకే నడుస్తున్న సర్వర్ గంటల కొద్దీ తప్పుగానే ఉండి, రీస్టార్ట్ చేయగానే బాగవుతుంది.

ముందుకు దూకితే పెద్ద నష్టం ఉండదు, మధ్యలో నడవాల్సిన పనులు తప్పుతాయి, లాగిన్లు పోతాయి. వెనక్కి దూకడం ప్రమాదం. డేటాబేస్‌లో పదిన్నరకు రాసిన ఎంట్రీ తర్వాత పదీ పదికి రాసిన ఎంట్రీ వస్తుంది. రాత్రి వడ్డీ లెక్క వేసే పని రెండోసారి నడిస్తే ఎవరి వడ్డీ ఎంతో మళ్లీ కూర్చుని లెక్కపెట్టాలి. కాబట్టి వెనక్కి తేవాల్సి వస్తే కౌంటర్ మూసిన తర్వాత, బ్యాకప్ తీసి, డేటాబేస్, టైము పట్టి నడిచే పనులు ఆపి, అప్పుడు దిద్దాలి. అది అయ్యాక సర్వర్‌ను ఒకసారి రీబూట్ చేసి లోపలి గడియారంలో కూడా సరైన టైము చేరిందో లేదో చూడాలి.

అడిగిన చోటే తప్పు చెబితే

2012 నవంబర్ 19న, మన లెక్కలో 20వ తేదీ తెల్లవారకముందు, అమెరికా నౌకాదళ ఖగోళశాలవి టిక్, టాక్ అనే పేరున్న రెండు టైమ్ సర్వర్లు దాదాపు గంటసేపు సంవత్సరాన్ని 2000 అని చెప్పాయి. ప్రపంచంలో ఎందరో నమ్మే చోటు అది. ఎంత పెద్ద తేడానైనా ప్రశ్నించకుండా ఒప్పుకునేలా ఉంచిన విండోస్ డొమైన్లు పన్నెండేళ్లు వెనక్కి వెళ్లాయి, లాగిన్లు ఆగిపోయాయి. ఆ రెండింటినే నమ్ముకున్నవాళ్లు దెబ్బతిన్నారు, వేరే సర్వర్లను కూడా అడుగుతున్నవాళ్లు బతికారు. ఒక్క చోటును అడిగితే అది తప్పినా తెలియదు. రెండు చోట్ల అడిగి రెండూ తేడాగా చెబితే ఎవరు నిజమో తేలదు. మూడు ఉంటే తేలుతుంది, నాలుగు ఉంటే ఒకటి పడిపోయినా తేలుతుంది. విండోస్ కంట్రోలర్లలో ఒకేసారి ఒప్పుకునే తేడాకు 48 గంటల హద్దు పెట్టమని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. కొత్త సర్వర్లలో అది ముందే ఉంటుంది, పాత వాటిలో చూసుకోవాలి.

అదే ఏడాది జూన్ 30 చివర ప్రపంచ సమయానికి ఒక లీపు సెకను కలిపినప్పుడు లినక్స్ కెర్నల్‌లోని లోపం వల్ల ఎన్నో సర్వర్ల ప్రాసెసర్లు నూటికి నూరు పాళ్లు తిరిగాయి. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ విమాన ప్రయాణికుల చెక్-ఇన్ కూడా ఆగింది. 1972 నుంచి ఇలాంటి సెకన్లు 27 కలిపారు. చివరిది 2016 డిసెంబర్ 31న. మన దేశంలో అది 2017 జనవరి 1 ఉదయం 5 గంటల 30 నిమిషాలకు ముందు పడింది. గూగుల్ టైమ్ సర్వర్లు ఆ సెకనును ఒక్కసారిగా కాక 24 గంటల మీద పూసినట్టు కలుపుతాయి. అలాంటి సర్వర్‌ను, మామూలు సర్వర్‌ను ఒకే జాబితాలో కలిపి రాయకూడదు. ఆ రోజున రెండింటికీ అర సెకను దాకా తేడా వస్తుంది.

మన దేశంలో నియమం

భారత సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది సమయం. ఆ గీత ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గర, ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడ దగ్గర పోతుంది. గోకుందలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఆ గీత మీద కంటే సుమారు 17 నిమిషాలు ఆలస్యంగా. 1956 నవంబర్‌లో కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లా నుంచి విడిపోయి అప్పటి బొంబాయి రాష్ట్రంలో కలిసినప్పుడు మన బడులు, కచేరీలు, కాగితాల భాష మారాయి, గడియారం మాత్రం మారలేదు. ఆ సమయాన్ని నిలబెట్టేది న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో ఉన్న అణు గడియారాలు.

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ సంస్థ, ఐటీ చట్టం 70బి సెక్షన్ కింద ఆదేశాలిచ్చింది. సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ సిస్టమ్‌ల గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ ఎన్‌టీపీ సర్వర్లతో గానీ, వాటి నుంచి టైము తీసుకునే సర్వర్లతో గానీ కలపాలి. అనేక దేశాల్లో సర్వర్లున్నవాళ్లు వేరే ప్రామాణిక మూలాన్ని వాడుకోవచ్చు, కానీ ఆ టైము వీటితో తేడా రాకూడదు. లాగ్‌లను 180 రోజులు ఉంచాలి. సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో కబురు చేయాలి. చిన్న, మధ్యతరహా సంస్థలకు ఇచ్చిన గడువు 2022 సెప్టెంబర్ 25తోనే తీరిపోయింది. మా సంస్థ చిన్నది కదా అనే మాట ఇప్పుడు చెల్లదు. ఎన్‌ఐసీ సర్వర్లు సమయ్1, సమయ్2 అనే పేర్లతో ఉన్నాయి. ఆఫీసులో ఉన్న ప్రతి మెషీన్ అక్కడికి పరుగెత్తనక్కర్లేదు. లోపల ఒకటి రెండు సర్వర్లను వాటికి కలిపి, మిగతావన్నీ ఆ రెండింటినే అడిగేలా పెట్టుకోవాలి. హాజరు మెషీన్‌ను, సీసీటీవీ రికార్డర్‌ను కూడా ఆ జాబితాలో చేర్చండి. పోలీసులు మొదట అడిగేది సీసీటీవీనే, గడియారం ఎక్కువగా తప్పేదీ అందులోనే.

ఎక్కడైనా గడియారం తప్పిందని తేలితే దిద్దే ముందు మూడు సంగతులు ఒక రిజిస్టర్‌లో రాసి, తేదీ వేసి, సంతకం చేయించండి: సర్వర్ చూపిన టైము, ఆ క్షణాన సరైన టైము, తేడా ఎప్పటి నుంచి ఉండవచ్చో. లాగ్‌లలో పాత టైములను మాత్రం చేత్తో దిద్దకండి. జీతం కోత పడ్డవాళ్లూ, వాయిదా తేదీ మారినవాళ్లూ వచ్చి అడిగినప్పుడు వాళ్లకు న్యాయం చేయడానికి ఆ పేజీ అక్కరకొస్తుంది. రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడి మీద నింద పడకుండా ఆపేదీ ఆ పేజీయే.